ఇప్పలగడ్డ పసుపు

లస్మవ్వకు రాయడం వచ్చిన మాటలు రెండే. ఒకటి తన పేరు, రెండోది తన ఊరి పేరు. ఆ రెండో మాట రాయొద్దని ఆమెకు చెప్పినవాణ్ని నేనే. ఆ పాపం ఇంకెవరి మీదా నెట్టను.

నా పేరు దయాసాగర్. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేశాను. రిటైరయ్యాక సెంటినరీ కాలనీలో మా అమ్మాయి డెబోరా క్వార్టర్‌లో ఉంటున్నాను. అది కంపెనీ దవాఖానలో నర్సు. పొద్దున లేస్తే నా దగ్గరికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. పింఛను అర్జీ అనీ, రేషన్ కార్డు అనీ, అల్లుడి మీద ఫిర్యాదు అనీ. మా ఆవిడ సువార్త, "ఆఫీసుల కుర్సి పోయింది గని నీ చేతి దురద మాత్రం పోలే" అని వెక్కిరిస్తుంది. నిజమే. తెల్ల కాగితం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆ చేతితో రాసినవాటిలో మంచివి ఎన్నో మరిచిపోయాను. రెండు కాగితాలు మాత్రం చచ్చేదాకా మరిచిపోను. రెండూ లస్మవ్వవే.

మొదటిది రెండు వేల నాలుగులో రాశాను. గోదావరిఖనికి అవతల ఇప్పలగడ్డ అని నూట నలభై గడపల ఊరు ఉండేది. మగవాళ్లు భూగర్భ గనిలో షిఫ్టులకు పోయేవాళ్లు, ఆడవాళ్లు పసుపు పండించేవాళ్లు. ఆ ఊరి పసుపు రంగు వేరు. కొమ్ము విరిస్తే లోపల గుడ్డు సొనలా ఉండేది. దాని కిటుకు ఏమిటో ఎవరూ చెప్పలేరు కానీ, వాళ్లకో ఆనవాయితీ ఉండేది. ఇంటి విత్తనం ఇంట్లో వేయరు. మిరుగం నాడు, అంటే తొలకరి మృగశిర కార్తెకు, ప్రతి ఇల్లూ తన విత్తనపు కొమ్ములను పక్కింటికి ఇచ్చి, ఇంకో పక్కింటివి తెచ్చుకుంటుంది. అలా ఏటేటా విత్తనం ఊరంతా తిరుగుతుంది. ఎవరి చేనులో పండింది ఎవరి పసుపో తేల్చమంటే బ్రహ్మ కూడా తేల్చలేడు. పండిన పంటలో మొదటి పిడికెడు ఊరి దేవత పోచవ్వ గద్దెకు పూస్తారు. అది అయ్యేదాకా ఎవరూ అమ్మరు.

ఆ ఊరి కింద బొగ్గు ఉంది. ఊరు ఎత్తేసి, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వేస్తామన్నారు. ఊరి జాబితా రాయడానికి ఆఫీసు నుంచి నన్ను పంపారు. ఇల్లు, గోడలు, చెట్లు, బావులు అన్నీ గడుల్లో ఎక్కించాలి. లస్మవ్వ ఇంటికి వచ్చేసరికి ఆమె పసుపు ఉడికించే కొప్పెర దగ్గర నిలబడి ఉంది. భర్త ఆగయ్య, గనిలో బొగ్గు నింపే మనిషి, నైట్ షిఫ్టు చేసి వచ్చి అరుగు మీద పడుకుని ఉన్నాడు. రెండు గదులు, ఒక చింతచెట్టు, ఒక కొప్పెర పొయ్యి. రాసుకున్నాను.

"సారూ, మా ఇల్లు రాసుకున్నవ్ మంచిదే. గా పోచవ్వ గద్దె ఒక్కటి ఇడిసిపెట్టుమని రాయి," అంది.

"చూస్తనవ్వా," అన్నాను.

చూడడానికి ఏముంది? ఆ ఫారంలో విడిచిపెట్టడానికి గడి లేదు. 'ఇతర నిర్మాణాలు' అన్న గడిలో 'గద్దె - ఒకటి' అని రాశాను. రెండేళ్లలో ఊరు ఖాళీ అయింది. కొందరికి రోడ్డు పక్క పునరావాస కాలనీలో జాగాలు ఇచ్చారు. మిగతావాళ్లు అక్కల ఊళ్లకూ, బావల ఊళ్లకూ, భూమి దొరికిన చోటికీ పోయారు. పదకొండు ఊళ్లకు చెదిరారు. పోయేముందు లస్మవ్వ ఇల్లిల్లూ తిరిగి, "బిందెలు మరిసినా సరే, ఇత్తనం మర్వకుండ్రి" అని చెప్పింది. పోచవ్వ రాయిని బండిలో వేసుకుని కాలనీలో తన కొత్త ఇంటి ముందు నిలబెట్టుకుంది.

తర్వాత ఆరేళ్లు ఆమె చేసిన పని వింటే పిచ్చి అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. మిరుగం వచ్చిందంటే గంప నెత్తిన పెట్టుకుని షేర్ ఆటోల్లో, బస్సుల్లో ఆ పదకొండు ఊళ్లూ తిరిగేది. ఈ ఊరి వాళ్ల విత్తనం ఆ ఊరి వాళ్లకు, ఆ ఊరి వాళ్లది ఇంకో ఊరికి. కండక్టర్లు గంపకు కూడా టికెట్టు కొట్టేవాళ్లు. "లస్మవ్వా, ఊరే పోయినంక ఈ ఆనవాయితీ ఎవని కోసం?" అని ఒకసారి బస్టాండులో అడిగాను. "ఊరు పోలే సారూ, ఎడంగైంది. గంతే," అంది.

ఆమెకు కావాల్సింది ఒక్కటే. ఊరు భూమ్మీద లేకపోయినా దాని పేరు బతకాలి. పునరావాస కాలనీలో సారలమ్మ అనే చిన్నదాని అరుగు మీద సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లు. సారలమ్మది కూడా ఇప్పలగడ్డే. లస్మవ్వ రెండు వారాలు పోయి, 'లస్మవ్వ', 'ఇప్పలగడ్డ' అన్న రెండు మాటలు నేర్చుకుని మానేసింది. మిగతా అక్షరాలు వద్దా అంటే, "నాకు గింతే కావాలె" అందట. అప్పటి నుంచి ఎక్కడ సంతకం పెట్టమన్నా రెండు మాటలూ కలిపే రాసేది. బ్యాంకు వాళ్లు మొత్తుకున్నా వినేది కాదు.

రెండు వేల పదిలో పెద్దపల్లి వ్యాపారి సదానందం ఆమె వాకిట్లోకి వచ్చాడు. కామర్స్ చదివిన మనిషి, మాట నెమ్మది. ఎక్కడో ఈ పసుపు చూశాడు, వెతుక్కుంటూ వచ్చాడు. కాలనీలో ఉన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పాడు. కాగితాల సంగతి కాబట్టి లస్మవ్వ నన్నూ పిలిపించింది.

"జూడుండ్రి అవ్వలూ. ఇన్నేండ్లు మన పసుపు సముద్రం దాటి పోతే అక్కడి సర్కారు సుంకం గుంజేది. మన సరుకు పిరమయ్యేది. ఇగ తూర్పు దేశాలతోటి మన సర్కారు ఒప్పందం జేసుకున్నది. ఇది ఈ దేశంల పండిందే అని రుజువు సూపెడితె సుంకం తగ్గుతది, ఏటేటా ఇంకింత తగ్గుతది. అక్కడ కొనేటోడు ఎక్కువ కొంటడు, ఇక్కడ మీకు ధర వస్తది."

లస్మవ్వ తక్కువది కాదు. "మరి వాళ్ల సరుకు వచ్చి మన మీద వడదా?" అంది.

"వడ్తది. వాళ్ల నూనె వస్తది, మన పసుపు పోతది."

"వాళ్ల బొగ్గు గూడ వస్తదట గాదె?" అని మంచం మీద నుంచి ఆగయ్య దగ్గుకుంటూ అన్నాడు. అప్పటికే ఆయన గని పనికి అన్‌ఫిట్ అని తేలి ఇంటి పట్టున ఉన్నాడు. "గా బొగ్గేదో ముందే వస్తే మా ఊరు మిగిలేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒప్పందం అనే మాట వింటే మా గనుల వాళ్లకు మొదట నవ్వే వస్తుంది. జీతాల ఒప్పందాలని, బోనస్ ఒప్పందాలని చాలా చూశాం. గేటు దగ్గర చప్పట్లు, తర్వాత మళ్లీ అదే తట్ట, అదే పార. ఇదీ ఆ తానులో ముక్కే అనుకున్నాను.

నా అంచనా తప్పింది. మొదటి ఏడు సదానందం కొద్దిగా తీసుకుని తన మిగతా సరుకులో కలిపి పంపాడు. ఆ కొద్దిదాన్నే అవతలి వాళ్లు గుర్తుపట్టారు. ఈ రంగుదే కావాలి, విడిగా కావాలి అన్నారు. అప్పుడు చూడాలి ఆ కాలనీని. పసుపు రుద్దే డ్రమ్ము వచ్చింది. గనిలో నడుములు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్న మగవాళ్లు దాన్ని తిప్పే పనికి కుదిరారు. మొగుడు పోయాక చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికిన సారలమ్మ గోనె సంచులు కుట్టించే పని పెట్టి ఆరుగురికి పని ఇచ్చింది. పదకొండు ఊళ్లలోనూ బీడు పడ్డ చెలకలు కౌలుకు తీసుకున్నారు. బొంబాయి దిక్కు పోయిన రెండు కుటుంబాలు తిరిగొచ్చాయి. రాష్ట్రం కోసం సమ్మె జరిగి నెలకు పైగా గనులు మూతపడ్డ ఏడాది, జీతం రాని ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆ పసుపు మీదే. నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. ఎక్కడో ఢిల్లీలో, ఇంకెక్కడో సముద్రం అవతల ఎవరో పెట్టిన సంతకం ఆ కాలనీలో అన్నం కుండ దాకా వచ్చింది.

అన్నిటికన్నా లస్మవ్వకు సంతోషం ఇచ్చింది సంచి మీది పేరు. విడి సరుకు కాబట్టి సంచి మీద పేరు ఉండాలన్నాడు సదానందం. రేకులో అక్షరాలు కోయించి, నల్ల రంగుతో అద్దారు. 'ఇప్పలగడ్డ పసుపు'. ఆమె ఆ రేకును కడిగి తుడిచి దాచుకునేది. "సారూ, నువ్వు కొట్టేసిన ఊరు సముద్రం మీద పోతున్నది సూడు," అని నన్ను ఏడిపించేది. అది ఆమెకు వేళాకోళం, నాకు గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా వినడానికి బాగుండేది. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి సువార్తకు ఒక డబ్బా పసుపు ఇచ్చి, "మీ ఏసయ్య వద్దంటడా ఏంది?" అని నవ్వింది.

రెండో కాగితం ఆ సమ్మె అయ్యాక, రెండు వేల పన్నెండు మొదట్లో రాశాను. విడి సరుకు కాబట్టి ఎక్కడ పండిందో పండించినవాళ్లే రాసి సంతకం పెట్టాలన్నారు. కాగితం నా ముందు పెట్టింది లస్మవ్వ.

"ఏ ఊర్లె పండిందని రాయాలె లస్మవ్వా?"

"ఏ ఊరంటవేంది సారూ? మా ఊరి పసుపు మా ఊరిది గాకపోతె ఎవలదైతది? ఇప్పలగడ్డ అని రాయి."

నేను అక్కడే ఆగాలి. ఆ ఊరు లేదని ఈ లోకంలో అందరికన్నా బాగా తెలిసినవాణ్ని నేను. దాని గోడలూ చెట్లూ లెక్కరాసి ఆఫీసుకు అప్పజెప్పినవాణ్ని. పసుపు పండింది పదకొండు ఊళ్లలో. ఆ పదకొండు పేర్లు వరుసగా రాస్తే సరిపోయేది. కానీ ఆమె నా ఎదురుగా కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ల కిందట గద్దెను విడిచిపెట్టమని అడిగిన మొహమే అది. అప్పుడు చేయలేనిది ఇప్పుడైనా చేస్తానని నా చెయ్యి ఉబలాటపడింది. ఎవడు చూడబోతాడులే అనుకున్నాను. 'ఇప్పలగడ్డ గ్రామం' అని గుండ్రంగా, అందంగా రాశాను. ఆమె కింద తన రెండు మాటలూ రాసింది. తప్పు రాస్తున్నానని తెలిసి రాశాను. నా జీవితం మొత్తంలో అలా రాసింది అదొక్కసారే.

వేసవిలో చిక్కు వచ్చింది. ఎవరి మీదా అనుమానం లేదు, అవతలి దేశం వాళ్లు అప్పుడప్పుడు కొన్ని కాగితాలు తీసి సరిచూసుకుంటారట. ఈసారి తీసినవాటిలో మాది ఉంది. సరుకు అక్కడి రేవులో ఆపేశారు. ఇక్కడ విచారించడానికి హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. రెవెన్యూ జాబితా తిరగేశాడు. అందులో ఇప్పలగడ్డ లేదు.

"అమ్మా, ఈ ఊరు ఎక్కడుంది? నేను చూడాలి," అన్నాడు.

"దా బిడ్డా, సూపిస్త," అని లస్మవ్వ లేచింది.

నేనూ, సదానందమూ, సారలమ్మా వెంట వెళ్లాం. మట్టిగుట్టలు దాటి ఓపెన్‌కాస్టు అంచున ఇనుప కంచె దగ్గర నిలబడ్డాం. కింద మెట్లు మెట్లుగా నల్లటి లోయ. డంపర్లు చీమల్లా పోతున్నాయి. లస్మవ్వ కంచె సందులోంచి చెయ్యి బయటికి చాచింది.

"అగో, గా బండి మలుపుకుంటున్నడు సూడు బిడ్డా, గక్కడ మా కొప్పెర పొయ్యి. దానికి గింత ఇవతల పోచవ్వ. గా నీళ్లు నిలిసిన కాడ కొమురెల్లి వాళ్ల చేను, దాని పక్కపొంటి మాది."

ఆమె చూపిస్తున్నది నేల మీద కాదు, గాలిలో. నేల ఎప్పుడో బొగ్గై రైలెక్కింది. ఆ కుర్రవాడు ఆమె వేలు ఎటు పోతే అటు చూశాడు. మంచివాడే. మంచివాళ్లు ఉండి కూడా ఏమీ చేయలేని పనులు లోకంలో చాలా ఉన్నాయి.

"అమ్మా, నాకు అర్థమైంది. కానీ లేని ఊళ్లో పంట పండిందని నేను రాయలేను. రాస్తే మొత్తం సరుకే దొంగదంటారు," అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి దారి చెప్పాడు. నిజంగా పండిన ఊళ్ల పేర్లతో కొత్త కాగితం ఇస్తే తను సరిచూసి పంపుతాడు. రేపు సాయంత్రంలోగా ఇవ్వాలి. లేకపోతే సుంకం రాయితీ పోతుంది, సరుకు వెనక్కి వస్తుంది, ఇకముందు ఈ పసుపును అక్కడ ఎవరూ ముట్టరు. సంచి మీద ఆ లేని ఊరి పేరు కూడా ఇక ఉండకూడదు.

మర్నాడు పొద్దున పసుపు పండించే నలభై మందీ పదకొండు ఊళ్ల నుంచి వచ్చి లస్మవ్వ వాకిట్లో కూర్చున్నారు. పదకొండు ఊళ్ల పేర్లు నేను రాసి తెచ్చాను. ఒక్కో ఊరి వాళ్లూ పొలం పాసుపుస్తకాలు, కౌలు కాగితాలు పట్టుకొచ్చారు. ఇక మిగిలింది అందరి తరఫున లస్మవ్వ సంతకం. ఆమె పోచవ్వ రాయికి ఆనుకుని కూర్చుంది. కాగితం వైపు చూడలేదు.

"తప్పు రాసింది నేను లస్మవ్వా. నీది కాదు," అన్నాను.

"నువ్వు నేను చెప్పిందే రాస్తివి సారూ."

సారలమ్మ ముందుకు జరిగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఏడుస్తూనే అంది. "అవ్వా, ఊరు పోయింది. బువ్వ గూడ పోగొట్టుకుందమా?"

లస్మవ్వ నలభై మంది మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఇరవై ఏళ్లుగా ఆ మొహాల్లో ప్రతిదానికీ ఏ మిరుగానికి ఎవరి విత్తనం అందిందో ఆమెకు గుర్తే. ఇవాళ వాళ్లంతా ఒక్కచోట కూర్చున్నారు. ఊరు ఖాళీ అయ్యాక అందరూ అలా కలిసింది అదే మొదలు. ఆమె చెయ్యి చాచింది. కలం ఇచ్చాను.

'లస్మవ్వ' అని రాసింది. అలవాటు ప్రకారం కలం పక్కకు జరిగి, రెండో మాట మొదటి అక్షరం దగ్గర ఆగింది. ఇ అక్షరం సగం పడింది. ఆ ఒక్క మాట ఉంటే కాగితం మళ్లీ తిరిగొస్తుంది.

"పేరొక్కటి చాలు లస్మవ్వా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత కలం తిరిగి ఇచ్చేసింది. ఆ సగం అక్షరాన్ని నేనే కొట్టేశాను.

పసుపు పోయింది. మంచి ధర వచ్చింది. మరుసటి ఏడు ఇంకా ఎక్కువ పోయింది. పక్క ఊళ్లవాళ్లు కూడా ఆ విత్తనం అడిగి తీసుకుని వేశారు. సదానందం రెండో డ్రమ్ము పెట్టించాడు. సారలమ్మ రెండు కుట్టుమిషన్లు కొంది. ఒప్పందం చెప్పిన మేలు చెప్పినట్టే చేసింది, అందులో అబద్ధం లేదు. సంచుల మీద మాత్రం ఉత్త 'పసుపు' అనే ఉండేది. అక్షరాలు కోసిన ఆ రేకు పోచవ్వ రాయి వెనక పెట్టుకుంది లస్మవ్వ. సంతకం పెట్టిన ఏడు మిరుగానికి ఆమె గంప ఎత్తలేదు. సారలమ్మ ఆటో మాట్లాడుకుని వెళ్లి విత్తనం పంచి వచ్చింది. ఆ మాఘంలో ఆగయ్య పోయాడు.

రెండు వేల పద్నాలుగు జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. కాలనీ అంతా డప్పులు, రంగులు, మిఠాయిలు. మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని ఉంటే లస్మవ్వ ఎండలో నడుచుకుంటూ వచ్చింది. మనిషి బాగా వంగిపోయింది. చంకలో తుండులో చుట్టిన రేకు ఉంది. సువార్త మంచినీళ్లు ఇస్తే తాగి, రేకు విప్పి నా ముందు పెట్టింది. తుప్పు పట్టినా అక్షరాలు తెలుస్తున్నాయి.

"సారూ, మన రాష్ట్రం వచ్చింది గదా. కొత్త పటాలు గీస్తరట, ఊర్ల పేర్లన్ని కొత్తగ రాస్తరట. మా ఊరు గూడ ఎక్కుతదా?"

బయట డప్పులు మోగుతున్నాయి. ముప్పై నాలుగేళ్లు కాగితాలు రాసినవాణ్ని, ఉన్న మాట చెప్పలేకపోయాను. లేని మాట చెప్పడానికీ నోరు రాలేదు.

"చూస్తనవ్వా," అన్నాను.

లస్మవ్వ రేకును మళ్లీ తుండులో చుట్టుకుంది.

"గద్దె అడిగిననాడు గూడ గిదే అన్నవ్ సారూ," అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.